టొరంటో గడియారం

(తొమ్మిదో భాగం)

జూలై తొమ్మిదిన, కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో, హార్లన్ క్రీక్ ఊరి నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ పంపు ఆగిపోయింది. మోగిన అలారాన్ని ఎవరో ఆపేశారు. తెల్లారేసరికి ఊళ్ళో పదకొండు మంది మంచాన పడ్డారు. ఆ ఆపినవాడు లోర్న్ డెజార్లేనని, ప్లాంటుకి కంప్యూటర్లు అమర్చిన టొరంటో కంపెనీ తేల్చేసింది. ఇరవై ఆరేళ్ళుగా ఊరికి నీళ్ళిస్తున్న మనిషి లోర్న్. "నేను డ్యూటీకొచ్చేసరికి అన్నీ పచ్చదీపాలే" అని మొదటి రోజునుంచీ ఒకే మాట మీదున్నాడు. నమ్మినవాళ్ళు తక్కువ. అతని తరఫున మాట్లాడతానని ముందుకొచ్చింది ఒక్కతే, ట్రాక్టర్ల షాపులో కంప్యూటర్లు చూసే మార్లిస్ వాసిలెంకో. కంపెనీ ఆమెకి అచ్చేసిన రిపోర్టు పడేసింది కానీ అసలు ఫైలు మాత్రం ఇవాళ ఇస్తాం, రేపిస్తామంటూ ఆరు వారాలు తిప్పింది. ఆఖరికి విచారణ జరిగే శనివారం పొద్దున, ఊరి హాలు గుమ్మంలో, ఒక పెన్‌డ్రైవు ఆమె చేతిలో పెట్టారు.

అప్పటికి విచారణ మొదలవడానికి పది నిమిషాలుంది.

హాలు కిటకిటలాడుతోంది. కోతలు మొదలైన సెప్టెంబరులో, అందులోనూ ఎండ కాసిన శనివారం నాడు, రైతులు పొలాలొదిలి కుర్చీల్లో కూర్చున్నారంటే మాటలు కాదు. టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని, కాగితం కప్పుల్లో కాఫీ చప్పరిస్తూ, మధ్యమధ్య కిటికీలోంచి ఆకాశంకేసి దిగులుగా చూస్తున్నారు. ఎదురుగా పొడుగాటి బల్ల. నడుమ కుర్చీలో రాష్ట్ర రాజధాని రెజైనా నుంచి వచ్చిన లైసెన్సు అధికారిణి నడీన్ ఓస్ట్. ఆవిడకి కుడిపక్కన మేయరు ఐరిస్ టోఫ్ట్, ఎడంపక్కన ఊరి కార్యదర్శి కెల్విన్ రస్క్.

మార్లిస్ పక్క కుర్చీలో లోర్న్ బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. కోటు తొడుక్కున్నాడు కానీ అది పదేళ్ళ కిందటి కోటు, బొత్తం పట్టడం లేదు.

"ఏమైనా దొరికిందా అమ్మాయ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకా తెరవనే లేదు. మీరు కంగారు పడకండి."

"నాకేం కంగారు? లైసెన్సు పోతే పోయింది, చేపలు పట్టుకుంటా." అంటూనే చేతిలో కాగితం కప్పుని నలిపి ఉండ చేసేశాడు. అందులో ఇంకా కాఫీ ఉందన్న సంగతి ఒళ్ళో పడ్డాక గానీ తెలియలేదు.

కంపెనీ ఇంజనీరు గ్రేడన్ ప్రిట్చర్డ్ లేచాడు. మనిషి నున్నగా ఉన్నాడు, మాటా నున్నగానే ఉంది. గోడమీద తెరకి రిపోర్టు ఎక్కించి మొదలుపెట్టాడు.

"మా డయాగ్నొస్టిక్ టూల్ గురించి రెండు మాటలు. మిషన్లో ఏం జరిగినా ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. అలారం పెట్టె తన లెక్క తను రాసుకుంటుంది, తలుపు తన లెక్క తను రాసుకుంటుంది. మా టూల్ వాటన్నిటినీ ఊడ్చి తెచ్చి, ఒకే కట్టగా కట్టి, టైము ప్రకారం వరస పేరుస్తుంది. మనుషులు మర్చిపోతారు, అబద్ధాలాడతారు. దీనికి ఆ రెండూ చేతకావు."

"అయితే సంసారానికి పనికిరాదు!" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. నడీన్ ఓస్ట్ పెన్నుతో బల్లమీద కొట్టింది.

ప్రిట్చర్డ్ ఉపోద్ఘాతం సాగుతుండగానే మార్లిస్ తన లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవు పెట్టింది. అది ఆమెకి కొత్త పనేం కాదు. కోతమిషను పొలం మధ్యలో మొరాయిస్తే ఆమె చేసేదీ ఇదే. ఇలాంటి టూల్‌తోనే దాని లోపలి రాతలన్నీ దింపుకుని, ఏది ముందు చెడింది, ఏది తర్వాత చెడింది అని వెతకడం. కట్ట తెరుచుకుంది. జూలై తొమ్మిదికి వెళ్ళింది. అలారం ఆపిన వరస మీద వేలు పెట్టింది.

రెండూ పద్నాలుగు.

ఒళ్ళో ఉన్న అచ్చు రిపోర్టు చూసింది. నాలుగూ పద్నాలుగు.

తప్పు ఫైలు తెరిచానేమో అనుకుని మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ రెండూ పద్నాలుగే. పోనీ లోర్న్ తలుపు తీసిన వరస? కాగితంలో మూడూ రెండు. లాప్‌టాప్‌లోనూ మూడూ రెండే. ఒకటి కదిలింది, ఇంకోటి కదల్లేదు. ఇదెక్కడి చోద్యం?

ప్రిట్చర్డ్ ఒక్కో వరసా చదువుతున్నాడు. "జూలై తొమ్మిది. పన్నెండూ ఆరుకి పొద్దుటి ఆపరేటరు కార్డు గీకి బయటికెళ్ళాడు. ఒంటిగంటా ఇరవైకి కరెంటు పోయి, నాలుగు నిమిషాల్లో వచ్చింది. మూడూ రెండుకి డెజార్లే లోపలికొచ్చాడు. మూడూ యాభై ఎనిమిదికి పంపు ఆగి అలారం మోగింది. నాలుగూ పద్నాలుగుకి దాన్ని ఆపేశారు. ఆ సమయంలో ప్లాంటులో ఉన్నది ఒకే ఒక్క మనిషి."

ఒంటిగంటా ఇరవైకి కరెంటు పోయింది.

ఆ వాక్యాన్ని మార్లిస్ కాగితం మీద ముప్పైసార్లన్నా చదివి ఉంటుంది. కళ్ళు చదువుతూ దాటిపోయాయి. చెవులు మాత్రం పట్టుకున్నాయి. ఆ రోజు ఆమె షాపులో ఒక ట్రాక్టరు కంప్యూటరుకి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తోంది. తొంభై ఆరు శాతం ఎక్కాక కరెంటు చచ్చింది. ఆమె నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఆ తర్వాతే డబ్బా తెరిచి అన్నం తిన్నది. తర్వాత! అంటే కరెంటు పోయింది భోజనానికి ముందు.

లాప్‌టాప్‌లో ఆ వరసకి వెళ్ళింది. పొద్దున పదకొండూ ఇరవై.

పదకొండూ ఇరవైకీ ఒంటిగంటా ఇరవైకీ మధ్య రెండు గంటలు. రెండూ పద్నాలుగుకీ నాలుగూ పద్నాలుగుకీ మధ్య రెండు గంటలు. సస్కాచువాన్‌కీ టొరంటోకీ మధ్య, ఎండాకాలంలో, సరిగ్గా రెండు గంటలు. ఎండాకాలం వస్తే టొరంటోలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, సస్కాచువాన్‌లో జరపరు.

మార్లిస్ మెల్లిగా లాప్‌టాప్ మూత సగం వాల్చింది.

"మిస్ వాసిలెంకో, మీరేమైనా అడుగుతారా?" అంది నడీన్ ఓస్ట్.

మార్లిస్ లేచింది. "ఇంజనీరుగారిని ఒక్కటే అడుగుతాను. తర్వాత ఊరివాళ్ళని ఇంకొకటి అడుగుతాను."

"ఊరివాళ్ళు సాక్షులు కారు కదా."

"ఈ ఒక్క విషయంలో అందరూ సాక్షులేనండి." ప్రిట్చర్డ్ వైపు తిరిగింది. "కరెంటు పోయిన వరస, అలారం ఆపిన వరస, రెండూ అలారం పెట్టె రాసినవే కదా? ఒకే పెట్టె, ఒకే గడియారం?"

"ఒకే పెట్టె. ఒకే గడియారం."

"కరెంటు టైము తప్పయితే అలారం టైమూ అంతే తప్పు?"

ప్రిట్చర్డ్ జాలిగా నవ్వాడు. "మేడమ్, మీరు ట్రాక్టర్లు బాగుచేస్తారని విన్నాను. ఇవి కొంచెం సున్నితమైన మిషన్లు. టైము తప్పయ్యే ప్రసక్తే లేదు."

"ట్రాక్టర్ కంప్యూటరు టైము తప్పు చెబితే రైతు నా పీక పట్టుకుంటాడు సార్. అంచేత నాకు కొంచెం జాగ్రత్త ఎక్కువ." ఆమె హాలువైపు తిరిగింది. "జూలై తొమ్మిదిన నాలుగు నిమిషాలు కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరికైనా గుర్తుందా?"

మూడో వరసలోంచి జుట్టు కత్తిరించే వెర్నా లేచింది.

"నాకు గుర్తు లేకపోవడమా! మా పెద్దక్క క్లారిస్ తలంతా రంగు మందు రాసి డ్రయ్యరు కింద కూచోబెట్టాను. పదకొండున్నరకి తీసెయ్యాలి. పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. నీళ్ళ మోటారూ పోయింది, కడగడానికి చుక్క లేదు. ఆ నాలుగు నిమిషాలూ నేను దేవుడికి మొక్కుకుంటూనే ఉన్నా."

"అయినా సగం జుట్టు నారింజ రంగయింది!" అని క్లారిస్ వెనకనుంచి అరిచింది. "పెళ్ళికి టోపీ పెట్టుకెళ్ళాను!"

నవ్వులు ఆగకముందే కిరాణా కొట్టు క్యాషియరు చెయ్యెత్తాడు. భోజనాల వేళకి ముందు అరడజను మంది లైన్లో ఉండగా యంత్రాలన్నీ ఆగిపోయాయిట. వృద్ధాశ్రమం వంటావిడ లేచి, పన్నెండింటి భోజనానికి పెరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కజ్జికాయలు, ఉడికిస్తుంటే కరెంటు పొయ్యి చల్లారిపోయిందంది. బడి బస్సు నడిపే ఆయన, గోధుమల గిడ్డంగి గుమాస్తా, చర్చి పియానో సరిచెయ్యడానికొచ్చినావిడ, ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడిపోతున్నారు. ఎవరినోట విన్నా పదకొండు దాటాకే, పన్నెండులోపే. ఒంటిగంట అన్నవాడు ఒక్కడు లేడు.

నడీన్ ఓస్ట్ పెన్నుతో కొట్టి కొట్టి చివరికి పెన్ను పక్కన పెట్టేసి, రాసుకోవడం మొదలెట్టింది.

ప్రిట్చర్డ్ ముఖంలో నవ్వు తగ్గింది కానీ మనిషి తెలివైనవాడు. వెంటనే అందుకున్నాడు. "సరే, ప్లాంటు గడియారం రెండు గంటలు ముందుకి తిరుగుతోందనుకుందాం. అప్పుడు తలుపు టైములు కూడా రెండు గంటలు వెనక్కి జరుగుతాయి. డెజార్లే వచ్చింది ఒంటిగంటకవుతుంది, అలారం ఆపింది రెండింటికవుతుంది. మనిషి లోపలే ఉన్నాడుగా! ఏం మారింది?"

హాలు చల్లబడిపోయింది. లోర్న్ తల దించుకున్నాడు.

"మీ ప్రశ్నే నా ప్రశ్న కూడానండి," అంది మార్లిస్. "దానికి సమాధానం మీ టూలే చెబుతుంది. ఆ తెర వైరు ఒకసారి ఇస్తారా?"

లాప్‌టాప్ తెరకి కలిపింది. గోడమీద అదే పట్టిక ప్రత్యక్షమైంది. కానీ అలారం ఆపిన వరసలో రెండూ పద్నాలుగు అని ఉంది. జనంలో గుసగుసలు లేచాయి.

"ఇది మీ ఫైలే. పొద్దున మీరు గుమ్మంలో ఇచ్చిందే. నా లాప్‌టాప్ సస్కాచువాన్ టైములో ఉంది. ఇప్పుడు దీన్ని టొరంటోలో ఉన్నాననుకోమంటాను." సెట్టింగుల్లోకి వెళ్ళి టైమ్ జోను మార్చింది. ఫైలు మళ్ళీ తెరిచింది.

నాలుగూ పద్నాలుగు.

"ఇప్పుడు వాంకూవరు." ఒంటిగంటా పద్నాలుగు. "సెయింట్ జాన్స్. అక్కడ అరగంట కిరికిరి ఉంటుంది." అయిదూ నలభై నాలుగు. "ఒకే అలారం. ఒకే వేలు ఒకే బొత్తాన్ని ఒక్కసారే నొక్కింది. ఊరు మారిస్తే టైము మారుతోంది. ఎందుకంటే అలారం పెట్టె ఏ ఊరి టైమూ రాయదు. ప్రపంచమంతటికీ ఒకటే లెక్క ఉంటుంది, ఆ లెక్కలో రాస్తుంది. చూపించేటప్పుడు టూల్ దాన్ని స్థానిక టైములోకి మారుస్తుంది. ఏ స్థానికం? మిషను ఉన్న ఊరు కాదు, చూసేవాడి లాప్‌టాప్ ఉన్న ఊరు. ఈ రిపోర్టు టొరంటో ఆఫీసులో అచ్చయింది."

"మరి తలుపు?" అంది నడీన్ ఓస్ట్. కుర్చీలో ముందుకి వంగి కూర్చుందావిడ.

"తలుపు వరస చూడండి." మార్లిస్ ఊళ్ళు మళ్ళీ ఒకటొకటిగా మార్చింది. వాంకూవరు, టొరంటో, సెయింట్ జాన్స్. అలారం వరసలు గెంతుతున్నాయి. తలుపు వరస మాత్రం మూడూ రెండు దగ్గర మేకు కొట్టినట్టుంది. "ప్లాంటు తలుపు మీది కార్డు యంత్రం పాతది. గోడ గడియారం చూసి రాసుకున్నట్టు, అంకెలు రాసేసి ఊరుకుంటుంది. ఏ ఊరి టైమో రాయదు. తెలియని దాన్ని టూల్ మార్చలేదు, ఉన్నదున్నట్టు అతికించేస్తుంది. లోర్న్ వచ్చింది మన మూడింటికే, ఆయన టైము కార్డూ అదే చెబుతోంది. కానీ అలారం ఆగింది టొరంటో నాలుగింటికి. ఇంజనీరుగారు మన గడియారాన్నీ వాళ్ళ గడియారాన్నీ ఒకే కాగితం మీద కలిపి చదివారు. మధ్యలో ఒక మనిషి నలిగిపోయాడు."

ప్రిట్చర్డ్ తన కాగితం తిప్పి, ఒకటో పేజీ అడుగున వెతికాడు.

"అక్కడే ఉందండి," అంది మార్లిస్. "చిన్నక్షరాల్లో. 'టైములు చూసే యంత్రం జోను ప్రకారం.' నేనూ ఇప్పుడే చూశాను."

ఆయన ఆ వాక్యం చదువుకున్నాడు. రెండోసారి కూడా చదువుకున్నాడు. కాగితం మడిచి బల్లమీద పెట్టి, "ఆవిడ చెప్పింది నిజం," అన్నాడు. గొంతులో నునుపు పోయింది, మనిషి గొంతు మిగిలింది. "నేను సరిచూసుకోవలసింది. మిస్టర్ డెజార్లే, నన్ను క్షమించండి."

లోర్న్ ఇంకా లెక్క కూడుకుంటూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. "అంటే, అలారం ఆగింది రెండింటికి. నేనొచ్చింది మూడింటికి."

"అవును లోర్న్. మీరు రావడానికి ముప్పావుగంట ముందే ఎవరో ఆపేశారు. ఆపేశాక తెరమీద వెలిగేది పచ్చదీపమే."

"చెప్పానా!" లోర్న్ లేచి నిలబడ్డాడు. ఎనిమిది వారాలుగా లోపల ఉగ్గబట్టుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. "అన్నీ పచ్చదీపాలేనని చెప్పానా లేదా! నా కళ్ళని నేనే నమ్మడం మానేశాను. నిద్రమత్తులో నొక్కానేమో, వయసు మీదపడి మర్చిపోయానేమో అని ఒట్టుపెట్టి చెప్పడానికి కూడా భయపడ్డాను. కొట్టుకెళ్ళి పాలు తెచ్చుకోవడం మానేశాను, జనం మొహం చూడలేక!"

పాలు అనగానే కిరాణా క్యాషియరు తల వంచుకున్నాడు. అతనొక్కడే కాదు.

నడీన్ ఓస్ట్ లేచి నిలబడే చదివింది. "రికార్డులో రాసుకోండి. అలారం ఆగిన సమయానికి లోర్న్ డెజార్లే ప్లాంటులో లేడు. అతని మీద ఆరోపణ కొట్టేస్తున్నాను. లైసెన్సు ఈ క్షణం నుంచే చెల్లుతుంది."

ఇంక హాలు ఆగలేదు. టోపీలు గాల్లోకి లేచాయి. క్లారిస్ లోర్న్‌ని వాటేసుకుని ఏడ్చేసింది. వెనక వరస వాడెవడో "మేం గడియారాలు మార్చం, మా జోలికి రావద్దు!" అని కేకపెడితే బల్లలు చరిచారు. మంచాన పడ్డ పదకొండు మందిలో ఒకడైన బడి బస్సు డ్రైవరు, ఆగస్టంతా లోర్న్ ఎదురైతే రోడ్డు దాటి పోయినవాడు, తనే వచ్చి చెయ్యి చాపాడు. లోర్న్ ఆ చేతిని కాసేపు చూశాడు. తర్వాత పట్టుకుని, వదలకుండా ఊపుతూనే ఉన్నాడు. రెండో చేత్తో మార్లిస్ భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆమె, ట్రాక్టర్లు బాగుచేసే ఆడదని నవ్వినవాళ్ళందరి మధ్యా నిలబడి, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంది.

ఆ సందడి కాస్త సద్దుమణిగాక నడీన్ ఓస్ట్ నెమ్మదిగా అడిగింది. "మిస్ వాసిలెంకో, పన్నెండూ ఆరు నుంచి మూడూ రెండు దాకా ప్లాంటు తలుపు తెరుచుకోలేదు. అవునా?"

"అవునండి. తాళం వేసి ఉంది."

"మరి రెండూ పద్నాలుగుకి అలారం ఎవరు ఆపారు?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నిజమే. గెలుపు సంబరంలో ఆ మాట ఎవరికీ తోచలేదు.

ప్రిట్చర్డే ముందుకొచ్చాడు. "బయటినుంచి ఆపొచ్చు. ఇంటినుంచైనా లాగిన్ కావచ్చు. అలారం ఇరవై నిమిషాలు మోగితే అందరి ఫోన్లకీ కబురెళుతుంది. పదహారో నిమిషంలో ఆపారంటే అది తెలిసినవాళ్ళే. అచ్చు రిపోర్టులో ఆ పేరు రాదు. అసలు రాతలో ఉంటుంది, ఆవిడ ఫైల్లో ఉండాలి."

మార్లిస్ ఆ వరస మీద రెండుసార్లు నొక్కింది. అసలు రాత తెరుచుకుంది. అక్షరాలు గోడమీద పడ్డాయి. ఆమె పైకి చదవబోయి ఆగిపోయింది.

ఆల్విన్ ఫ్రీసెన్.

ఆల్విన్ లోర్న్‌కి ముందు ప్లాంటు పెద్ద. మూడేళ్ళ కిందట, మంచు కరిగే రోజుల్లో పోయాడు. ఇక్కడున్న వాళ్ళలో సగంమంది శవపేటిక వెనక నడిచినవాళ్ళే. లోర్న్ దాన్ని భుజాన మోశాడు.

"పోయినవాడు వచ్చి బొత్తం నొక్కాడా?" అని ఎవరో నవ్వబోయారు. నవ్వు రాలేదు.

కిటికీ పక్క వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. గెర్డా ఫ్రీసెన్, ఆల్విన్ భార్య. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఆ పాస్‌వర్డు మా ఆయన వంటింటి క్యాలెండరు వెనక రాసుకున్నాడు," అంది. గొంతు సన్నగా ఉన్నా ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది. "ఆయన పోయాక దాన్ని ఎవరూ అడగలేదు. ఈ ఏప్రిల్లో మాత్రం ఒకరు ఇంటికొచ్చి అడిగారు. ఊరి పనికేగదా అని చింపి ఇచ్చాను. వెళ్ళేటప్పుడు, ఎవరికీ చెప్పొద్దు గెర్డా అన్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది."

"ఎవరికిచ్చారు?" అంది నడీన్ ఓస్ట్.

గెర్డా చెయ్యెత్తి, ఎదురుగా ఉన్న పొడుగాటి బల్లకేసి వేలు చాపింది.

బల్ల వెనక ఒక కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. మేయరు ఐరిస్ టోఫ్ట్ లేచి నిలబడింది.